పదిమంది రాజులూ మా కాలువ గట్టూ

అల్లూరు కాలేజీ పిల్లలకు మన దేశం పేర్ల గురించి ఒక గంటసేపు మాట్లాడమని పిలిస్తే, ఈ వయసులో నాకెందుకొచ్చిన బడాయి అని గొణుక్కుంటూనే వెళ్లాను. ఉద్యోగమంతా చరిత్ర పాఠాలు చెప్పిన నోరు కదా, పిలిస్తే ఊరుకోదు. నేరేడు చెట్టు పేరుతో జంబూద్వీపం అన్నారని, సింధునదికి అవతల ఉన్న పర్షియా వాళ్ల నోట్లో అది హిందూ అయిందని, ఆ మాట గ్రీకుల దాకా పోయి ఇండియాగా తిరిగొచ్చిందని చెప్పాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. చివర్లో ప్రశ్నలు అడగమంటే రెండో వరసలోంచి ఒక సన్నటి పిల్ల లేచి, "మేడం, భరత అనే పేరు పదిమంది రాజుల యుద్ధం నుంచి వచ్చిందంట కదా, ఆ కథ చెప్పండి. మా అవ్వ అడగమంది" అంది. మీ అవ్వ ఎవరమ్మా అంటే తలుపు వైపు వేలు చూపించింది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో సుగుణ కూర్చుని ఉంది. మా శేషయ్య చిన్నాయన కూతురు. టైమైపోయిందని చెప్పి, వాళ్లు కప్పిన శాలువా సర్దుకుంటూ వేదిక దిగేశాను. సిగ్గులేని పని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కూడా ఆ ఒక్క కథ దగ్గరికి వచ్చేసరికి ఏదో వంకతో దాటేసేదాన్ని.

మా ఊరు అల్లూరుకు తూర్పున, సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట, కాలువకు చిట్టచివర ఉండేది. పెన్న నీళ్లు ఎన్నో ఊళ్లు తడిపి, ఎన్నో తూముల్లో దూరి, మిగిలితే మా దాకా వచ్చేవి. వానాకాలంలో మోకాటి లోతు బురద. మాఘమాసం వచ్చి, మొలగొలుకుల వరి కంకి వేసి గింజ పాలుపోసుకునే వేళకు కాలువలో మడమ మునిగేంత నీళ్లు కూడా ఉండేవి కావు. ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవడి తలో పగిలిందంటే ఎందుకని అడిగేవాళ్లు కాదు, ఎవరి చేలోకి నీళ్లు పారే మడవ దగ్గర అని అడిగేవాళ్లు. మా నాయన పెంచలయ్య, శేషయ్య చిన్నాయన అన్నదమ్ముల పిల్లలు. పెద్దవాళ్లు పొలం పంచుకోగలిగారు గానీ కాలువను పంచుకోలేకపోయారు. చిన్నాయన చేలు ఎగువన, మావి దిగువన. ఒక ఏడాది మా నాయన, చిన్నాయన వాళ్ల పాలేరు చెవి పారతో తెగ్గొట్టాడు. మరుసటేడు చిన్నాయన మా ఎద్దు కాలు విరగ్గొట్టాడు. అది మూడు రోజులు కొట్టంలో అరిచి అరిచి చచ్చింది. అంత జరిగినా పెళ్లిళ్లలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, "ఇంకొంచెం వేయించుకోన్నా" అని ఒకరికొకరు చెప్పుకుంటూ తినేవాళ్లు. ఏం మనుషులో వాళ్లు!

మా ఇంట్లో మధ్యాహ్నం భోజనం అంటే ఒక గండం. నాయన కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చోకముందే అమ్మ ఇత్తడి చెంబూ గ్లాసులూ తీసి దాచిపెట్టేది. ఆయనకు సత్తు గ్లాసులోనే నీళ్లు. ఎందుకో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. ఒకసారి పండక్కి ఇత్తడి గ్లాసు పెట్టినప్పుడు, పులుసులో ఉప్పు ఎక్కువైందని ఆయన దాన్ని విసిరితే అమ్మ కనుబొమ్మ చీలింది. ఆ మచ్చ చివరిదాకా ఉంది. చేపల పులుసు వాసన, పసుపూ నెత్తురూ కలిసిన గుడ్డ వాసన నాకు ఇప్పటికీ ఒకదాని వెంట ఒకటి గుర్తొస్తాయి. మా అవ్వ, అంటే నాయన తల్లి, గడప దగ్గర కూర్చుని పొగాకు కాడ నములుతూ, "మగోడికి కోపం రాకుండా ఉంటదా" అనేది. ఆమెను కూడా మా తాత అట్లాగే కొట్టేవాడట. ఆ సంగతి ఆమె కాస్త గొప్పగానే చెప్పుకునేది.

దేశం పేర్లంటారా, మా ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కొక్కటి. ఆంధ్రప్రదేశ్ అనే మాట అప్పటికింకా కొత్త. అవ్వకు లోకమంటే మద్రాసు రాజధానే. కోర్టు కాగితాల మీద చూసి నాయన ఇండియా అనేవాడు. తాత తద్దినం రోజున పురోహితుడు జంబూద్వీపం నుంచి మొదలుపెట్టి, భరతవర్షం, భరతఖండం అంటూ మేరువుకు ఏ దిక్కో, ఏ నదుల మధ్యనో చెప్పుకుంటూ మా ఇంటి వసారా దాకా దిగేవాడు. "ఏందవ్వా అదంతా?" అంటే, "మీ తాతకి ఇంటి దోవ చెప్తుండాడు మే. సచ్చినోళ్లకి పాత పేర్లే తెలుస్తాయి" అంది అవ్వ. ఎన్ని పేర్లు వచ్చినా పాతదాన్ని పారేయకుండా మీద మీద పేర్చుకుంటూ పోయారని తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, అంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

అల్లూరు హైస్కూల్లో సోషల్ చెప్పే మస్తాన్ సారు మమ్మల్ని కొట్టేవాడు కాదు. ఆ కాలంలో అదొక వింత. లెక్కల అయివారు చింతబరికె విరిగేదాకా కొట్టేవాడు. మస్తాన్ సారు మాత్రం బల్ల మీద చెయ్యి కూడా చరిచేవాడు కాదు. ఆయన తండ్రి ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పోసే మనిషి. మా ఇంటి ముందు కూడా కొలిమి పెట్టి, తగరం పొగలో దగ్గుతూ కూర్చునేవాడు. "మా నాయన హిందుస్తాన్ అంటాడు, మీ పురోహితుడు భరతవర్షం అంటాడు, నేను మీకు పరీక్షలో ఇండియా అని రాయమంటా. మూడూ ఈ మన్నే" అని సారు నవ్వేవాడు. నేనూ సుగుణా ఒకే బెంచీ. నాకంటే ఆర్నెల్లు చిన్నది, నన్ను అక్కా అనేది. మా నాయనలు ఎంత కొట్టుకున్నా, అల్లూరుకు నడిచిపోయే ఆడపిల్లలను విడదీయాలని మాత్రం ఎవరికీ తోచలేదు. కాలువ గట్టు మీద కలిసే పోయేవాళ్లం, కలిసే వచ్చేవాళ్లం.

ఆ ఏడు నీళ్ల వంతు గురించి పెద్దమనుషులు కూర్చుని ఒక మాట తేల్చారు. చిన్నాయన చేలు తడిసేదాకా ఆయన అడ్డుకట్ట ఉంటుంది, ఆదివారం పొద్దున కట్ట తీసి మాకు వదలాలి. మా చేను అప్పటికే నెర్రెలిచ్చింది. అయినా నాయన పళ్లు నూరుకుంటూ ఒప్పుకున్నాడు. వదిలేలోపు కాలువ ఎండిపోతుందేమోనని ఆయన అనుమానం. మా వాళ్లు కట్ట తెంపుతారేమోనని చిన్నాయన అనుమానం. అందుకని ఆయన పగలూ రాత్రీ గట్టు మీదే కాపలా ఉన్నాడు.

ఆ శనివారం ఒంటిపూట బడి. చివరి పీరియడ్‌లో మస్తాన్ సారు దేశం పేర్లు చెప్పాడు. జంబూ అంటే నేరేడు అని, జంబూద్వీపం ఒకప్పటి చక్రవర్తి రాతి మీద చెక్కించిన మాట అని, సింధు సంగతి, అన్నీ చెప్పి, "భరత అనేది ఒక రాజు కొడుకు పేరంటారు. జైనులు ఇంకో భరతుడి పేరంటారు. అంతకంటే పాత కథ ఇంకొకటి ఉండాది, వినండి" అన్నాడు. వేదకాలంలో భరతులని ఒక గణం. పరుష్ణి అనే ఏటి గట్టున వాళ్లు ఒకవైపు, వాళ్ల మీదికి పదిమంది రాజులు ఒకవైపు. పదిమందిలో భరతులకు రక్తం పంచుకున్న వాళ్లూ ఉన్నారట. ఆ పదిమందీ ఏటికి గండి కొట్టి నీళ్లు మళ్లించాలని చూశారు. ఏరు కొట్టినవాళ్ల మీదికే తిరిగింది. ఎంతోమంది మునిగి చచ్చారు. గట్టు విడవకుండా నిలబడ్డ భరతులు గెలిచారు. వాళ్ల పేరు రాజ్యానికి, రాజ్యం పేరు దేశానికి పాకింది. "చూసినారా, మన దేశానికి ఒక పేరు చెట్టు ఇచ్చింది, ఒకటి ఏరు ఇచ్చింది, ఒకటి మాత్రం నీళ్ల కాడ కొట్లాట ఇచ్చింది" అన్నాడు సారు. నీళ్ల కాడ కొట్లాట ఎట్లుంటుందో మాకెవరికీ వివరించనక్కర్లేదు. దారి పొడుగునా సుగుణ, నేను అదే కథ చెప్పుకుంటూ వచ్చాం. అడ్డుకట్ట దగ్గర తను వాళ్ల నాయన వైపు దిగింది, నేను ఇంటికి పోయాను.

నాయన అప్పుడే అన్నానికి కూర్చున్నాడు. నన్ను చూసి, నాతో కాకుండా అమ్మతో అన్నాడు, "సోమారం నించి దీన్ని బడికి పంపబాక. పెద్దదయింది. ఊరోళ్ల కళ్లన్నీ దీనిమీదనే ఉండాయి." అవ్వ వెంటనే, "నేను ఎప్పట్నించో మొత్తుకుంటుండా" అంది. అమ్మ పులుసు గిన్నె ఆయన దగ్గరికి జరిపింది. ఆ ఇంట్లోంచి నేను బయటపడే దారి ఆ బడి ఒక్కటే. బడి పోతే ఇక మిగిలేది ఆ వంటిల్లు, ఆ సత్తు గ్లాసు, రేపు నన్ను కొట్టే మరొకడు. ఏడిస్తే దెబ్బ పడుతుంది. ఏదో ఒకటి చేసి ఆయన మనసు మళ్లించాలి.

"నాయనా, మన దేశం పేరు యాడినించి వొచ్చిందో ఈరోజు చెప్పినారు" అన్నాను.

"యాడినించి, మద్రాసు నించా?" అన్నాడు ముద్ద కలుపుతూ. అవ్వ కిసుక్కున నవ్వింది.

"కాదు. నీళ్ల కొట్లాట నించి. ఒక గట్టున భరతులు, ఇంకో గట్టున పదిమంది రాజులు. అందులో దాయాదులూ ఉండారంట. ఏటికి గండి కొట్టినారు."

ఆయన చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తి నా మొహంలోకి చూశాడు. పుట్టి బుద్ధెరిగినాక ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడం అదే మొదలు.

"ఎవురు కొట్టినారు మే గండి?"

నాకు జవాబు తెలుసు. సుగుణతో అప్పటిదాకా దారంతా చెప్పుకుంటూ వచ్చినదే. కానీ ఆయన కళ్లు చూశాను. ఏ జవాబు కోసం చూస్తున్నాడో ఆ కళ్లలో రాసిపెట్టి ఉంది. నా నోట్లో మన్ను పడ, "భరతులే నాయనా" అన్నాను.

"గెలిచిందెవురు?"

"వాళ్లే. అందుకనే దేశానికి వాళ్ల పేరు."

నాయన పెద్దగా నవ్వాడు. తన పళ్లెంలోంచి చేపముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "ఇదీ చదువంటే! ఇన్నాళ్లూ ఏందో అనుకుంటిని. పోనీయే, ఇంకో రెండేళ్లు చదువుకోనీ" అని అమ్మతో అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆ చేపముక్క నేను నవ్వుకుంటూ తిన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని, తుండుగుడ్డ తలకు చుట్టి, గోడకానించిన పార అందుకున్నాడు. "ఆదివారం దాకా ఎవుడు కాసుకోనుంటాడు? గండి కొట్టినోడిదేనంట దేశం!" అని మా పాలేరు పోలయ్యను కేకేశాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఎంగిలి చేత్తోనే వెంట పరుగెత్తాను. "నాయనా, కాదు నాయనా" అని అరిచాను. ఆయన వెనక్కి తిరగలేదు. నా మాట ఆయనకు వినబడిందో లేదో ఈరోజుకీ తెలియదు.

నేను చేరేసరికి ఆయన పార అడ్డుకట్టలో దిగి ఉంది. చిన్నాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. కాపలా కర్ర పక్కన పడేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కింద చేలో చిన్నమ్మ సద్ది గిన్నె పట్టుకుని, "దిగి రా, నీకు దండం పెడతా, దిగి రా" అని అరుస్తోంది. సుగుణ ఆమె పక్కనే ఉంది. "దిగరా శేషా" అన్నాడు నాయన. "నువ్వు కొట్టన్నా, కొట్టు. మునిగేది ఎవురో చూస్తాం. నేను ఈడ్నే ఉంటా" అన్నాడు చిన్నాయన నవ్వుతూ. వెటకారం చేస్తున్నాడనుకున్నాను. నాయన నాలుగు దెబ్బలు వేశాడు. మట్టి పెళ్లలు ఊడి నీళ్లు బుస్సుమని దూకాయి. చిన్నాయన ఆ గండిలోకి దిగి, రెండు కాళ్లూ పాతుకుని, నీళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. నాయన పార ఎత్తాడు. అది అడ్డంగా చెవి మీద తగిలింది. పచ్చి కొబ్బరికాయ పగిలినట్టు ఒక చప్పుడు. మనిషి కూలబడ్డాడు, కూలబడీ రెండు చేతులతో మట్టి పట్టుకున్నాడు. రెండో దెబ్బ మెడ మీద పడింది. పోలయ్య మా నాయన నడుం పట్టుకుని లాగినా మూడోది కూడా పడింది. తర్వాత నీళ్లు చిన్నాయన మీదుగా పారాయి. మా చేలోకి ఆ రోజు మొదటి తడి ఎర్రగా వచ్చింది. నెర్రెలు దాన్ని గుటగుటా తాగేశాయి. నేను చూశాను.

సాయంత్రానికి చిన్నాయన వైపు వాళ్లు మా గడ్డివామికి నిప్పు పెట్టారు. పోలయ్యను చెట్టుకు కట్టి కొట్టారు. పాపం, ఆపబోయినవాడు వాడొక్కడే, వాడికే ఒక కన్ను పోయింది. అమ్మ నన్నూ అవ్వనూ వడ్లగాదెలో దాచింది. పోలీసులు నాయనను తీసుకుపోయారు. మా మేనమామ వచ్చి నన్ను నెల్లూరు తీసుకెళ్లి బడిలో వేశాడు. అట్లా నా చదువు నిలిచింది. ఏ చదువు కోసం ఆ అబద్ధమాడానో ఆ చదువు నాకు దక్కింది, అదే చదువు చెప్పుకుని బతికాను. సుగుణ మళ్లీ బడి మొహం చూడలేదు. వాళ్లమ్మతో కలిసి నాగలి పట్టింది. మస్తాన్ సారు ఆ తర్వాత ఎవరికీ ఆ కథ చెప్పలేదని విన్నాను. నాయన జైలు నుంచి పళ్లూడిపోయి తిరిగొచ్చాడు. లోపల అందరికీ ఆ పదిమంది రాజుల కథ చెప్పేవాడట. "మా అమ్మాయి చెప్పింది, మన దేశం పేరు యాడినించి వొచ్చిందో తెలుసా మీకు" అని. ఆ మాట చెబుతూ ఆయన మురిసిపోతుంటే, తప్పు చెప్పాను నాయనా అనడానికి నాకు నోరు రాలేదు. ఆయన పోయేదాకా రాలేదు.

ఇప్పుడు మా చేలన్నీ రొయ్యల గుంటలు. మొలగొలుకులు పండిన చోట చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. కాలువలో నీళ్లుంటే ఏంటి, లేకపోతే ఏంటి, ఎవరికీ పట్టదు. టీవీలో మాత్రం ఇండియా అనాలా భారత్ అనాలా అని పెద్దమనుషులు గొంతులు చించుకుంటారు. రెండూ రాజ్యాంగంలోనే పక్కపక్కన ఉన్నాయిరా నాయనా, మా అవ్వకున్న ఇంగితం కూడా లేదే మీకు అని నేను టీవీని తిడతాను. ఒకరి మీద ఒకరు అంత కోపంగా ఎగబడే మొహాలు చూస్తే నాకు మా నాయన భోజనానికి కూర్చోవడమే గుర్తొస్తుంది. లేచి పోయి కట్టేస్తాను.

ఆ రోజు కాలేజీలో కారు దాకా వచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. వెనక్కి తిరిగి వరండాలోకి వచ్చాను. సుగుణ మనవరాలి భుజం పట్టుకుని మెల్లగా మెట్లు దిగుతోంది. పిల్లను మంచినీళ్లు తెమ్మని పంపి, అక్కడే అరుగు మీద సుగుణను కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. మా నాయన ఏమడిగాడో, నేనేం చెప్పానో, ఆ చేపముక్కతో సహా. "నేను ఆరోజు నిజం చెప్పుంటే చిన్నాయన బతికేవాడే సుగుణా" అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు, ముసలిదాన్ని, అంతమంది పిల్లల ముందు.

సుగుణ దగ్గరికి జరిగింది. కొంగుతో నా మొహం తుడిచింది. దాని అరచెయ్యి గరుకుగా ఉంది.

"ఆ కథ నిజమేనా అని అడగాలనే పిల్లచేత లేపించినానక్కా. నువ్వు ఇంట్లో ఏం చెప్పినావో నాకు తెలవదు. నేను మాత్రం మస్తాన్ సారు చెప్పింది చెప్పినట్టే చెప్పినా, ఒక్క ముక్క మార్చలా. మా నాయన సద్ది తింటా విన్నాడు. 'గండి కొట్టినోళ్లే మునిగిపోతారంట నాయనా, గట్టు మీద నిలబడ్డోడే గెలుస్తాడంట' అన్నా. మీ నాయన వొస్తా ఉండేది చూసి కర్ర పారేసినాడు. మా అమ్మ దిగిరమ్మని అరస్తానే ఉండె. నా మొహం చూసి నవ్వినాడక్కా, దిగలా."